చంద్రగిరి టిబెటన్ క్యాంపుల మీద ప్రాజెక్టు: నేల గురించి, సొంతం గురించి ఏం అడగాలి, ఎలా అడగాలి?

మహేంద్రతనయ (శ్రీకాకుళం):

అందరికీ నమస్కారం. ఎం.ఏ. సోషియాలజీ ప్రాజెక్టుకి ఒడిశా గజపతి జిల్లాలోని చంద్రగిరి టిబెటన్ క్యాంపులు తీసుకున్నాను. మన జిల్లా సరిహద్దు దాటి కొంచెం పైకి వెళితే వచ్చేవే. విషయం ఏమిటంటే, శరణార్థులు తలదాచుకున్న దేశంలో నేలని ఎలా చూస్తారు, ఏది తమదనుకుంటారు, ఏది కాదనుకుంటారు.

ప్రశ్నావళి 32 ప్రశ్నలతో తయారుచేశాను. సగం ప్రశ్నలు "ఇక్కడ మీకు సొంత ఊరిలా ఉంటుందా", "భారతదేశం మీద మీ అభిప్రాయం ఏమిటి" లాంటివి. మా గైడు గారు చూసి, వీటికి అందరూ ఒకే జవాబు చెబుతారు, దాంతో ఒక చాప్టర్ కూడా లేవదు అన్నారు.

నా సందేహాలు ఇవి. ఆ భూమి అసలు ఎవరి పేరున ఉంటుంది? కాగితాల సంగతి ఎంతవరకు తెలుసుకోవాలి? ఏ నెలలో వెళ్లాలి, ఎలా మొదలుపెట్టాలి? చలికాలంలో శ్రీకాకుళం, విజయనగరాల్లో టిబెటన్లు పెట్టే స్వెటర్ల దుకాణాల్ని కూడా కలపాలా? పోల్చి చూడ్డానికి ఏ శరణార్థుల్ని తీసుకోవాలి? జిరంగో బౌద్ధారామం చూసొచ్చినవాళ్ల వీడియోలు తప్ప తెలుగులో పెద్దగా ఏమీ దొరకలేదు.

గంటస్తంభం (విజయనగరం):

ముందు కాగితాల లెక్క తేల్చుకోండి. అది తెలియకుండా క్యాంపులో అడుగుపెడితే వాళ్లు చెప్పేదాంట్లో సగం మీకు అర్థం కాదు.

మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు, 1967 ప్రోటోకాల్ మీదా చేయలేదు. శరణార్థులకంటూ ప్రత్యేక చట్టం లేదు. టిబెటన్లని మొదటినుంచీ కేంద్ర ప్రభుత్వమే నేరుగా చూసుకుంటోంది, ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ చేతిలో పెట్టలేదు. చట్టం కంటికి వాళ్లు విదేశీయులు. పాత వ్యాసాల్లో 1946 ఫారినర్స్ యాక్ట్ అని కనిపిస్తుంది. 2025 సెప్టెంబరు 1 నుంచి దాని స్థానంలో ఇమిగ్రేషన్ అండ్ ఫారినర్స్ యాక్ట్, 2025 అమల్లోకి వచ్చింది. మీ చాప్టర్లో రెండూ ఉండాలి, లేకపోతే వైవాలో పట్టుకుంటారు.

భూమి సంగతి. దలైలామా 1959లో ఇటు వచ్చాక కేంద్రం రాష్ట్రాలని భూమి అడిగింది. కర్ణాటకలో బైలకుప్పె 1960లో, చంద్రగిరి 1963లో అలా వచ్చినవే. చంద్రగిరి సెటిల్మెంటు అసలు పేరు ఫుంత్సోక్‌లింగ్, మొత్తం 5 క్యాంపులు. భూమి మాత్రం రాష్ట్ర ప్రభుత్వానిదే. 2014 టిబెటన్ పునరావాస విధానం ప్రకారం వాళ్ల అనుభవంలో ఉన్న భూమిని రాష్ట్రాలు 20 ఏళ్లకో, ఆ విధానం రద్దయ్యేదాకానో, ఏది ముందైతే అప్పటిదాకా లీజుకి ఇవ్వాలి. ఆ లీజు కుటుంబాలతో కాదు, వాళ్ల సహాయ కమిటీతో. కాబట్టి ఇల్లు కట్టుకున్నవాడు ఉంటాడు, పనస చెట్టు వేసినవాడు ఉంటాడు, పట్టా ఉన్నవాడు ఉండడు. అమ్మడానికి లేదు, తాకట్టు పెట్టి బ్యాంకు లోను తెచ్చుకోవడానికి లేదు.

ఇప్పుడు మనుషుల కాగితాలు. టిబెటన్ దగ్గర ఉండేది రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, అందరూ ఆర్‌సీ అంటారు. విదేశాలకి వెళ్లాలంటే పాస్‌పోర్టు బదులు పసుపు అట్ట ఐడెంటిటీ సర్టిఫికెట్, అంటే ఐసీ. వీటితోపాటు హిమాచల్ ప్రదేశ్‌లోని ధర్మశాల ఊళ్లో ఉన్న టిబెటన్ ప్రవాస యంత్రాంగం ఇచ్చే గ్రీన్ బుక్ ఒకటి. ఏటేటా కట్టే స్వచ్ఛంద పన్ను అందులో నమోదవుతుంది. ఆర్‌సీ భారత ప్రభుత్వ కాగితం, గ్రీన్ బుక్ వాళ్ల సొంత కాగితం. ఈ రెండింటినీ ఒకే ఐడీ కార్డుగా రాసేస్తే మీ ప్రాజెక్టు అక్కడే దెబ్బతింటుంది.

ఒకే ఇంట్లో ఎన్ని రకాల మనుషులు ఉండగలరో చూడండి. నాయనమ్మ 1950లో టిబెట్‌లో పుట్టి 1959లో వచ్చింది. ఆవిడ ఆర్‌సీ మనిషి. కొడుకు 1968లో క్యాంపులోనే పుట్టాడు. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం 1950 జనవరి 26 నుంచి 1987 జులై 1 లోపు ఇక్కడ పుట్టినవాళ్లు పుట్టుకతోనే భారత పౌరులు. ఢిల్లీ హైకోర్టు 2010లో ఒకసారి, 2016లో ఇంకోసారి టిబెటన్ల విషయంలో ఇదే చెప్పింది. అతని భార్య 1994లో టిబెట్ నుంచి వచ్చింది, ఆవిడది ఆర్‌సీ. పెద్ద పిల్ల 1995లో పుట్టింది, తండ్రి పౌరుడు కాబట్టి పిల్లా పౌరురాలే. చిన్నవాడు 2006లో పుట్టాడు. 2004 డిసెంబరు తర్వాత పుట్టినవాళ్లకి ఒకరు పౌరులైతే చాలదు, రెండోవారు అక్రమంగా వచ్చినవారు కాకూడదు. అంటే వాడి పౌరసత్వం తల్లి ఏ కాగితంతో సరిహద్దు దాటిందన్నదాని మీద వేలాడుతుంది. ఒక పొయ్యి మీద వండుకు తినే 5గురికి చట్టం దగ్గర ఒకే లెక్క లేదు.

అసలు మెలిక ఇక్కడ ఉంది. పౌరసత్వం వస్తే నేల కూడా దక్కుతుందని మనం అనుకుంటాం. 2017లో పాస్‌పోర్టు అడిగిన టిబెటన్లకి పెట్టిన షరతులు చూడండి: ఆర్‌సీ, ఐసీ వాపసు ఇచ్చేయాలి, సెటిల్మెంటులో ఉండకూడదు, టిబెటన్ యంత్రాంగం ఇచ్చే సౌకర్యాలు తీసుకోకూడదు. అంటే దేశం తనది అనిపించుకోవాలంటే క్యాంపు ఇల్లు వదులుకోవాల్సి రావచ్చు. 1987కి ముందు పుట్టినవాళ్లు కూడా చాలామంది ఆ జోలికి పోలేదంటే దేశం మీద ఇష్టం లేకపోవడమో, టిబెట్ మీద పట్టుదలో ఒక్కటే కారణం కాదు. 2014లో ఓటరు జాబితాలో చేరే దారి తెరుచుకున్నప్పుడూ ఎడాపెడా రాసుకున్నవాళ్లు లేరు. మీ 32 ప్రశ్నల్లో ఈ సంగతి పట్టుకునేది ఒక్కటైనా ఉందా?

ఇంకొకటి. టిబెటన్ల ప్రవాస పార్లమెంటులో 45 సీట్లు. వాటిలో 30 సీట్లు టిబెట్‌లోని మూడు ప్రాంతాలకి, ఊ-త్సాంగ్, దోతో, దోమే, తలా 10. ఒడిశాలో పుట్టి, లాసా ఎటు ఉందో ఫోన్లో తప్ప చూడని కుర్రాడు కూడా తాత ఏ ప్రాంతం వాడైతే ఆ ప్రాంతం అభ్యర్థులకే ఓటేస్తాడు. చంద్రగిరి నియోజకవర్గం అంటూ ఏదీ లేదు. వాళ్ల నేల పటంలో ఏ గీతలు ఇంకా బతికున్నాయో తెలియాలంటే ఇక్కడ తవ్వాలి.

వంశధార గట్టు:

గంటస్తంభం గారు కాగితాల గురించి చెప్పారు కాబట్టి నేను పని గురించి చెబుతాను.

"ఇది మీ ఊరేనా" అని అడగొద్దు. మర్యాదకి మనకొక జవాబు చెబుతారు, సెటిల్మెంటు ఆఫీసు వరండాలో ఇంకొకటి, వంటింట్లో మూడోది. మూడూ నిజమే. బొమ్మ గీయించండి. ఒక్కో మనిషికి మూడు ఏ3 కాగితాలు చాలు.

మొదటిది క్యాంపు. "కొత్తగా వచ్చినవాడికి దారి చెప్పాలంటే ఎలా గీస్తారు" అని అడిగి వదిలేయండి. పెన్సిల్ ఇవ్వండి, రబ్బరు ఇవ్వకండి. చెరిపేసిన గీత మీకు దొరకదు, కొట్టేసిన గీత దొరుకుతుంది. ఏది మొదట గీశారో పక్కన 1, 2, 3 అని మీరే మీ నోట్‌బుక్‌లో రాసుకోండి. కొందరు బౌద్ధారామంతో మొదలుపెడతారు, కొందరు బస్సు ఆగే చోటుతో, కొందరు తమ మొక్కజొన్న చేనుతో. ఎక్కడితో మొదలైందన్నది, ఏది వదిలేశారన్నది, ఈ రెండే మీకు కావాలి. పక్కనున్న సవర గిరిజనుల గూడెం బొమ్మలో ఉందా లేదా చూడండి.

రెండోది బయటి దారులు. గత ఏడాదిలో వెళ్లిన ఊర్లన్నీ. ఇందులో మోహన, బరంపురం, పర్లాకిమిడి, మన పట్టణాలు, లూధియానా, ధర్మశాల వరసగా వస్తాయి. డబ్బు కోసం వెళ్లినవి ఒక రంగు పెన్నుతో, పూజకి గానీ చుట్టాల దగ్గరికి గానీ వెళ్లినవి ఇంకో రంగుతో కలపమనండి.

మూడోది పెద్దలు వదిలివచ్చిన చోటు. ఇది ఆఖర్న అడగాలి. ముందు అడిగితే మిగిలిన రెండు బొమ్మలూ ఆ బరువు కిందే వస్తాయి. టిబెట్ చూడని కుర్రాళ్లని కూడా గీయమనండి. చాలామంది నది, కొండ, ఇల్లు గీసి ఆగిపోతారు. ఆగిపోయినచోట "ఇది మీకు ఎవరు చెప్పారు" అని అడగండి. బడిలో చదివిందా, అమ్మమ్మ చెప్పిందా, ఫోన్లో చూసిందా అన్నది తేలుతుంది.

చెడిపోయే తీర్లు కొన్ని ఉన్నాయి. అచ్చువేసిన మ్యాపు ముందు పెడితే అందులో ఉన్నవే చూపిస్తారు, లేనివి మరిచిపోతారు. నలుగురైదుగుర్ని కూర్చోబెట్టి ఒకే బొమ్మ గీయమంటే క్యాంపు లీడరు పెన్ను తీసుకుంటాడు, మిగతావాళ్లు తలూపుతారు. ఫోన్లో లొకేషన్ పెట్టుకుని సరిహద్దు వెంట నడిస్తే మీరు సర్వేకి వచ్చారనుకుంటారు, మర్నాటి నుంచి నోరు విప్పరు. భూమి కొలతలు మీరు తీయకండి. అవి కావాలంటే తహసీల్దారు ఆఫీసులో అడగండి.

తర్వాత మాటల్లో పెట్టాల్సిన ప్రశ్నలు. మనిషిని కాదు, వస్తువుని పట్టుకుని అడగాలి. ఈ గోడ ఎప్పుడు కట్టారు? రేకు తీసేసి స్లాబ్ ఎందుకు వేశారు? డబ్బు ఎక్కణ్నుంచి వచ్చింది? రేపు అమ్ముకోలేని ఇంటి మీద అంత ఎందుకు పెట్టారు? మొదట్లో పంచిన భూమి తర్వాత పుట్టిన పిల్లలకి ఎలా సర్దుతున్నారు? అమెరికా, కెనడా వెళ్లిపోయిన కుటుంబం చేను ఇప్పుడు ఎవరు దున్నుతున్నారు, పంట ఎవరికి, కౌలు ఎవరికి? పోయినవాళ్లకి అంత్యక్రియలు ఎక్కడ, ఎలా చేస్తారు? ఇలాంటివి పది అడిగితే "సొంతం" అన్న మాట మీరు ఎత్తక్కర్లేదు, వాళ్లే ఎత్తుతారు.

ఎప్పుడు వెళ్లాలంటే, నవంబరు నుంచి జనవరి దాకా వద్దు. నడివయసు వాళ్లంతా స్వెటర్ల మీద బయట ఉంటారు, క్యాంపులో ముసలివాళ్లు, బడి పిల్లలు మిగులుతారు. లోసార్, అంటే టిబెటన్ల కొత్త ఏడాది పండగ, ఫిబ్రవరిలో గానీ మార్చిలో గానీ పడుతుంది, అందరూ ఇంటికి చేరేది అప్పుడు. పండగ అయ్యాక వారం ఆగి మొదలుపెట్టండి. మార్చి 10 వాళ్లకి తిరుగుబాటు దినం, ఆ రోజు ఇంటర్వ్యూ పెట్టుకోవద్దు గానీ వెళ్లి చూడండి. జూన్‌లో వానలు పడితే మొక్కజొన్న పనులు, ఇక ఎవరూ కూర్చోరు. కాబట్టి మార్చి రెండో వారం నుంచి మే దాకా మీ గడువు. 12 ఇళ్లు, ఇంటికి మూడు తరాలు, మనిషికి 40 నిమిషాలు. వారానికి 5 ఇళ్లకి మించొద్దు, రాసుకోవడం వెనకబడిపోతుంది.

దారి: బరంపురం నుంచి దిగపహండి, తప్తపాణి మీదుగా ఒకటి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా ఇంకొకటి. భారతీయులకి ప్రత్యేక పర్మిట్ అక్కర్లేదు, విదేశీయులకే కావాలి. అయినా మీ డిపార్ట్‌మెంట్ లెటర్ తీసుకుని మొదటిరోజు సెటిల్మెంటు ఆఫీసర్ని కలవండి.

మహేంద్రతనయ:

ఇద్దరికీ ధన్యవాదాలండీ. మొదటి ప్రశ్నావళి పక్కన పెట్టేస్తున్నాను. భాష సంగతి చెప్పండి. నాకు హిందీ వచ్చు, ఒడియా అర్థమవుతుంది. సెటిల్మెంటు ఆఫీసులో పనిచేసే ఒకాయన దుబాసీగా వస్తానన్నారు. తీసుకోవచ్చా?

వంశధార గట్టు:

కుర్రాళ్లతో హిందీ చాలు. నడివయసు వాళ్లతోనూ చాలు, మన పట్టణాల్లో ఏళ్ల తరబడి స్వెటర్లు అమ్మినవాళ్లకి బేరమాడేంత తెలుగు కూడా వస్తుంది. ముసలివాళ్లకి మాత్రం మనిషి కావాలి. ఆఫీసు ఆయన బొమ్మలకి పనికొస్తాడు, భూమి ప్రశ్నలకి వద్దు. కొత్త జంటకి స్థలం, వెళ్లిపోయిన ఇంటి చేను, ఇలాంటి సంగతులన్నీ చివరికి ఆ ఆఫీసుకే చేరతాయి కాబట్టి అతని ముందు ఎవరూ ఫిర్యాదు చెప్పరు. డిగ్రీ చదివే మనవరాలో మనవడో ఉంటే వాళ్లతో తర్జుమా చేయించండి. ఒకే ఇంటి మనవరాలు మాత్రం వద్దు, పక్క క్యాంపు పిల్లని తెచ్చుకోండి. సొంత నాయనమ్మ మాటని పిల్లలు కత్తిరించి చెబుతారు.

రంగం రేవు:

పోలికల గురించి అడిగారు. ఏటంటే, పోలిక కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, ముందు మన ఇంట్లోవే చూసుకోవాలి.

కళింగపట్నం, బారువ, భీమిలి రేవుల నుంచి రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లినవాళ్లు మన రెండు జిల్లాల్లో ఎన్ని ఊళ్లలో ఉన్నారో చెప్పలేం. 1942లో జపాన్ బాంబులకి ఒక విడత వెనక్కి వచ్చారు. 1962లో సైన్యాధిపతి నే విన్ గద్దెనెక్కి, 1964లో దుకాణాలు జాతీయం చేశాక ఇంకో విడత. ఆ రెండో విడతలో బర్మా వదిలిన భారతీయులు 3 లక్షల దాకా ఉంటారు. విశాఖ కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపు అప్పటిదే. వీళ్లని కాగితాల్లో కాందిశీకులనే రాశారు గానీ పౌరసత్వం గొడవ లేదు, ఇళ్ల స్థలాలు వచ్చాయి, పట్టాలు వచ్చాయి. టిబెటన్లకి సరిగ్గా తిరగబడిన కేసు. కాగితం ప్రకారం సొంతగడ్డకి వచ్చినవాళ్లు, పుట్టి పెరిగింది మాత్రం అక్కడ. చాలా ఇళ్లలో ఖౌస్వే అనే బర్మా నూడుల్స్ ఇప్పటికీ వండుతారు. వాళ్ల మనవల్ని అడిగితే బర్మాని ఊరుగా చెబుతారు, దేశంగా చెప్పరు. మీ మూడో కాగితం వీళ్ల చేత కూడా ఒక నాలుగిళ్లలో గీయించి చూడండి, పోలిక చాప్టర్ దానంతటదే వస్తుంది.

రెండో పోలిక మల్కన్‌గిరి. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీల్ని 1958లో పెట్టిన దండకారణ్య ప్రాజెక్టు కింద అక్కడ దింపారు. ఊళ్లకి పేర్లు పెట్టలేదు, నంబర్లు వేశారు. ఎం.వి. అంటే మల్కన్‌గిరి విలేజ్. ఎం.వి. 26, ఎం.వి. 79 అనే ఇప్పటికీ పిలుస్తారు, బస్సు కండక్టరు కూడా అలాగే అరుస్తాడు. వాళ్లకి భూమి వచ్చింది, పౌరసత్వం సంగతి చాలామందికి తేలింది, ఊరికి మాత్రం నంబరే మిగిలింది.

దీని పక్కన అల్జీరియాలో టిండూఫ్ దగ్గరున్న సహ్రావీ క్యాంపులు పెట్టండి. 1975-76లో పశ్చిమ సహారా వదిలి వచ్చినవాళ్లు క్యాంపులకి తమ పట్టణాల పేర్లే పెట్టుకున్నారు: లాయూన్, స్మారా, ఔసెర్ద్, దఖ్లా, బూజ్‌దూర్. లెబనాన్‌లోని ఐన్ అల్ హిల్వే పాలస్తీనా క్యాంపులో కూడా పేటలకి వదిలివచ్చిన పల్లెల పేర్లే. ఎడారి అల్జీరియాది, పటం తమది. మీ ఫుంత్సోక్‌లింగ్ మల్కన్‌గిరి నంబర్లకీ, ఈ పాత ఊళ్ల పేర్లకీ మధ్యలో ఉంది. సెటిల్మెంటుకి టిబెటన్ పేరుంది, లోపల క్యాంపులకి 1, 2, 3 అని నంబర్లున్నాయి, ఉత్తరాలు చంద్రగిరి, జిరంగో అన్న ఒడిశా పేర్లతో వస్తాయి. ఎవరితో మాట్లాడేటప్పుడు ఏ పేరు వాడుతున్నారో రాసుకోండి. బస్సులో ఒకటి, ఫోన్లో విదేశాల్లోని చెల్లెలితో ఒకటి, ఆధార్ సెంటర్లో ఒకటి.

ఇక మీ గైడు గారు సిద్ధాంతం ఏదీ అని అడుగుతారు. 1972లో బురుండి నుంచి టాంజానియాకి పారిపోయిన హుటూల మీద 1980ల్లో జరిగిన పరిశీలన వాడండి. మిషామో క్యాంపులో ఉన్నవాళ్లు తామొక జాతి అని, తిరిగి వెళ్లడమే గమ్యమని గట్టిగా పట్టుకున్నారు. కిగోమా పట్టణంలో చెదిరి ఉన్నవాళ్లు సందర్భాన్నిబట్టి పేరు మార్చుకుంటూ జనంలో కలిసిపోయారు. అంటే పోగొట్టుకున్న నేల మీద మమకారం గుండెలోంచే పుట్టదు, వాళ్లని ఎలా దింపారన్నదాంట్లోంచి కూడా పుడుతుంది. కాకపోతే అది పూర్తి సంగతి కాదు. అదే 1972 విడత వాళ్లలో 1,60,000 మందికి పైగా 2014లో టాంజానియా పౌరసత్వం తీసుకున్నారు. క్యాంపులో గట్టిగా మాట్లాడారు కాబట్టి ఎప్పటికీ వెళ్లిపోయే మనుషులే అని రాసేస్తే పప్పులో కాలేసినట్టే.

ఉగాండా కూడా ఒక పేరా పెట్టండి. అక్కడ శరణార్థి కుటుంబానికి ఇంటికి, సాగుకి చిన్న చెక్క ఇస్తారు. వాడుకోవచ్చు, అమ్మకూడదు, కౌలుకి ఇవ్వకూడదు. చంద్రగిరిలో ఉన్న పరిస్థితి ప్రపంచంలో వింతేం కాదని తెలుస్తుంది.

కోట జంక్షన్ (విజయనగరం):

స్వెటర్ల దుకాణాల్ని తప్పకుండా కలపండి. క్యాంపులో చూసేది లీజు నేల, ఇక్కడ చూసేది మూడు నెలల నేల.

పని ఇలా నడుస్తుంది. మొక్కజొన్న ఇంటికొచ్చాక అక్టోబరులో బయల్దేరతారు. సరుకు ఎక్కువగా లూధియానా నుంచి, చాలావరకు అరువు మీద, సీజను అయ్యాక తీరుస్తారు. చలి రాకపోతే, తుపాను పట్టుకుంటే అప్పు వచ్చే ఏడాదికి దొర్లుతుంది. మన వైపు అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలమే కాబట్టి ఈ భయం ఎక్కువ. పట్టణంలో ఒక ఖాళీ స్థలం కలిసి అద్దెకి తీసుకుని వరసగా రేకులో టార్పాలినో కడతారు. ఏ బడ్డీ ఎవరిదన్నది చాలాచోట్ల చీటీలు వేసి తేలుస్తారు, ఎందుకంటే గేటు పక్క బడ్డీకి, చివరి బడ్డీకి అమ్మకంలో చాలా తేడా. ఈ చీటీని అడగండి. నేలని వాళ్లలో వాళ్లు ఎలా పంచుకుంటారో క్యాంపు భూమి కంటే ఇక్కడ తేటగా కనిపిస్తుంది, ఎందుకంటే ఇది ఏటా కొత్తగా పంచాలి.

జనం చాలామంది వాళ్లని నేపాలీలనే అంటారు. వాళ్లు దిద్దుతారా, ఊరుకుంటారా, ఎవరి దగ్గర దిద్దుతారు? బేరం మధ్యలో దిద్దరు, అద్దె రసీదు దగ్గర దిద్దుతారు. మాట్లాడ్డానికి మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్య వెళ్లండి, గిరాకీ పలచగా ఉంటుంది. ఆదివారం అసలు పోవద్దు. ఊరికే కూర్చుని ప్రశ్నలు వేస్తే మొహమాటపడతారు, ఒక మఫ్లరైనా కొనండి.

సవరపల్లి:

ఇన్ని జవాబులు చదివాను. అందరూ టిబెటన్లని ఏం అడగాలో చెప్పారు, పక్కన ఉన్నవాళ్ల సంగతి వంశధార గట్టు గారు ఒక వాక్యంలో దాటేశారు. చుట్టూ సవర, కోందు ఊళ్లు ఉన్నాయి. 1963లో టిబెటన్లకి ఇచ్చిన కొండవాలు అంతకుముందు ఎవరూ ముట్టని బీడు అని రికార్డులు చెబుతాయి. పోడు చేసుకునేవాడి లెక్కలో బీడు అంటే పడుకోబెట్టిన చేను, కొన్నేళ్లకి మళ్లీ కొడతాడు. ఆ సంగతి రికార్డుకి ఎక్కదు. కాబట్టి ప్రతి క్యాంపుకి దగ్గరగా ఉన్న గూడెంలో కనీసం ముగ్గురు పెద్దల్ని అడగండి: ఆ చోటుకి మీ భాషలో పేరేమిటి, వాళ్లు రాకముందు అక్కడ ఏం చేసేవారు, ఇప్పుడు వాళ్ల చేలలో కూలికి వెళుతున్నారా, కౌలుకి దున్నుతున్నారా. విదేశాలకి వెళ్లిపోయిన టిబెటన్ చేనుని సవరవాడు పాలికి దున్నుతుంటే అప్పుడు అక్కడ నేల ఎవరిది అన్న ప్రశ్నకి మూడు జవాబులుంటాయి, మూడింటినీ రాయాలి.

మన వైపు 1/70 చట్టం తెలిసినవాళ్లకి ఒడిశాలోని షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1956 రెగ్యులేషన్ 2 ఉందని తెలియదు, గిరిజనుల భూమి గిరిజనేతరులకి పోకుండా ఆపేది అదే. మీరు వెళ్లే ఒక్కో క్యాంపు షెడ్యూల్డ్ ప్రాంతంలోకి వస్తుందో రాదో తహసీలు వారీ జాబితాలో చూసుకుని చాప్టర్ మొదట్లోనే రాయండి.

సొంతం, సరిహద్దు శరణార్థుల తలనొప్పి మాత్రమే అనుకోవద్దు. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, పాతపట్నం ఇటు మిగిలింది, చుట్టరికాలు రెండువైపులా ఉన్నాయి. సాలూరు పైనున్న కోటియా ఊళ్ల వివాదం 1968లో సుప్రీంకోర్టుకి ఎక్కింది, అక్కడివాళ్ల దగ్గర రెండు రాష్ట్రాల కార్డులూ ఉంటాయి. వాళ్లు ఏ దేశం వదిలి రాలేదు.

గంటస్తంభం:

సవరపల్లి గారు చెప్పింది కొత్త చాప్టరే. పేజీలకి ఇబ్బంది అయితే ఉగాండా పేరా తీసేయండి, ఇది తీయొద్దు.

రాసేటప్పుడు ఒక్క సంగతి. ప్రతి మాటనీ "భారత్ వైపు", "టిబెట్ వైపు" అని రెండు డబ్బాల్లో వేయకండి. ఒక్కో మనిషికి నాలుగు గళ్లు గీసుకోండి: కాగితం ఏ నేలకి కడుతోంది, తిండి ఏ నేల మీద, పూజ ఏ నేల వైపు, పిల్లల్ని ఏ నేలకి పంపాలని ఉంది. నాయనమ్మకి నాలుగూ నాలుగు చోట్ల ఉండొచ్చు, మనవడికి రెండిట్లో కెనడా ఉండొచ్చు. టిబెటన్ యంత్రాంగం 2009లో లెక్కపెట్టినప్పుడు భారత్‌లో 94,203 మంది, భారత్, నేపాల్, భూటాన్ దాటి బయట 18,920 మంది ఉన్నారు. ఆ తర్వాత బయటికి వెళ్లడం పెరిగింది కాబట్టి నాలుగో గడిని తేలిగ్గా తీసుకోవద్దు. నేపాల్ క్యాంపుల్లోని భూటాన్ శరణార్థుల్లో 2007 తర్వాత 1,13,000 మందికి పైగా వేరే దేశాలకి వెళ్లిపోయారు. ఒకప్పుడు 7 క్యాంపులు ఉన్న చోట మిగిలినవాళ్లు నేలని ఎలా చూస్తున్నారన్నది మీకు పనికొచ్చే పోలిక.

చివరిగా జాగ్రత్తలు. ఆర్‌సీ, గ్రీన్ బుక్ ఫోటోలు తీయకండి, వాళ్లే చూపించినా తీయకండి. నంబర్లు నోట్‌బుక్‌లో కూడా రాయొద్దు. టిబెట్‌లో ఇంకా చుట్టాలున్న ఇళ్లలో మూడో కాగితం మీద ఊరి పేరు రాయించకండి, ప్రాంతం పేరు చాలు. బొమ్మ వెనక మనిషి పేరు బదులు కోడ్ వేసి, కోడ్‌కి పేరుకి జత ఉన్న జాబితా వేరే పుస్తకంలో ఇంటి దగ్గర ఉంచండి, క్యాంపుకి తీసుకెళ్లకండి. ఒప్పంద పత్రం హిందీలో ఒకటి, టిబెటన్‌లో ఒకటి అచ్చు వేయించుకోండి. సంతకం పెట్టడానికి వెనకాడితే నోటిమాటగా ఒప్పుకున్నారని తేదీతో రాసుకుంటే సరిపోతుంది.